టెరిటోరియల్ ఆర్మీ: పల్నాడు కుర్రాళ్లు చేరేముందు తెలుసుకోవాల్సిన సంగతులు

సికింద్రాబాద్‌లో టీఏ ర్యాలీ పడిందంటే చాలు, పల్నాడు కుర్రాళ్లు పిడుగురాళ్లలోనో, నడికుడిలోనో రైలెక్కేస్తారు. మిలిటరీ ఉద్యోగమే కదా అనుకుంటారు చాలామంది. అది సగమే నిజం. టెరిటోరియల్ ఆర్మీ జవాను వేసుకునేది అదే యూనిఫాం, డ్యూటీలో ఉన్నన్నాళ్లూ తీసుకునేది అదే జీతం. కానీ ఇది రిజర్వు దళం. మామూలు రోజుల్లో ఎవరి పని వాళ్లు చేసుకోవాలి, ఏటా శిక్షణకు వెళ్లాలి, పిలుపు వస్తే బెటాలియన్‌లో హాజరు కావాలి.

దీని మూలాలు బ్రిటిష్ కాలంలో ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1917లో ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ పెట్టారు. 1920లో దాని స్థానంలో రెండు దళాలు వచ్చాయి. యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు ఆగ్జిలరీ ఫోర్స్, భారతీయులకు ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్. కాపలా ఒకే దేశానికి, వరసలు మాత్రం రెండు! ఇవాళ మన కాలేజీల్లో కనిపించే ఎన్‌సీసీకి కూడా అప్పటి యూనివర్సిటీ శిక్షణ దళాలే మూలం.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టం చేశారు. 1949 అక్టోబర్ 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ఈ దళాన్ని ప్రారంభించారు. 1962, 1965, 1971 యుద్ధాల్లోనూ, శ్రీలంకలో ఆపరేషన్ పవన్‌లోనూ టీఏ పనిచేసింది. బ్రిటన్‌లో ఇలాంటి పార్ట్‌టైం బెటాలియన్లను కలిపి బ్రిగేడ్లు కట్టారు. మన దగ్గర లెక్క బెటాలియన్‌తోనే. ప్రతి ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ ఒక రెగ్యులర్ రెజిమెంట్‌కు అనుబంధంగా ఉంటుంది. సికింద్రాబాద్‌లోని 125 బెటాలియన్ గార్డ్స్‌ది, కోయంబత్తూరులోని 110 మద్రాస్ రెజిమెంట్‌ది. మాజీ సైనికులతో అడవులు పెంచే ఎకో బెటాలియన్లు వేరే ఉన్నాయి.

ఇక డబ్బు లెక్క. అసలు చిక్కంతా ఇక్కడే. యూనిట్‌ను పూర్తికాల డ్యూటీకి పిలవడాన్ని ఎంబాడీమెంట్ అంటారు. అది ముగిస్తే జవాను ఇంటికి, జీతం బంద్. జవాన్లకు పెన్షన్ రావాలంటే ఎంబాడీమెంట్ సర్వీసే 15 ఏళ్లు ఉండాలి, ఆఫీసర్లకు 20 ఏళ్లు. చేరి ఎన్నేళ్లయిందన్నది కాదు, డ్యూటీలో ఎన్నేళ్లు ఉన్నాడన్నదే చూస్తారు. డ్యూటీకి వెళ్లొచ్చిన మనిషిని పాత యజమాని తిరిగి పనిలో పెట్టుకోవాలని చట్టంలో ఉంది. సున్నం బట్టీలోనో, మిర్చి కొట్లోనో రోజుకూలీకి వెళ్లే కుర్రాడికి అది ఏమాత్రం అక్కరకొస్తుందో చెప్పనక్కర్లేదు.

పిలుపు అంటే ఏంటో 2025 మేలో అందరికీ తెలిసొచ్చింది. ఆపరేషన్ సిందూర్ సమయంలో టీఏలోని ఆఫీసర్లు, జవాన్లు ఎవరినైనా డ్యూటీకి పిలిచే అధికారాన్ని కేంద్రం ఆర్మీ చీఫ్‌కు ఇచ్చింది. ఉన్న 32 ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో 14 బెటాలియన్ల ఎంబాడీమెంట్‌కు అనుమతించింది. గడువు 2028 ఫిబ్రవరి 9 వరకు.

ఆఫీసర్‌గా చేరాలంటే వయసు 18 నుంచి 42 లోపు ఉండాలి. డిగ్రీ ఉండాలి, సొంత సంపాదన కూడా ఉండాలి. బీకాం చదివి నరసరావుపేటలో షాపు నడుపుకునేవాళ్లూ రాయొచ్చు. రాత పరీక్ష, ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ ఉంటాయి. ఆడవాళ్లకు ఉన్న అడ్డును ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టేసింది.