రెండో నంబరు బీరువా

గురువుగారి పుస్తకంలోంచి కీర్తనలు ఎత్తిరాసుకుంటూ వయొలిన్ నేర్చుకున్నదాన్ని నేను. అందుకే పిసెండెల్ అంటే నాకంత అభిమానం. ఈ జర్మన్ వయొలిన్ విద్వాంసుడు 1716లో డ్రెస్డెన్ ఆస్థానం తరఫున వెనిస్ వెళ్లి స్వరకర్త వివాల్డి దగ్గర శిష్యరికం చేశాడు. వివాల్డి కొన్ని రచనలు ఇతని కోసమే చేసి, పైన ఇతని పేరు స్వయంగా రాసిచ్చాడు. గురువుకి శిష్యుడి మీద అంతకంటే ముద్దు ఇంకేముంటుంది! మరెన్నో పిసెండెల్ తానే కూర్చుని నకలు రాసుకున్నాడు. మరుసటేడు తిరిగొచ్చాక వాటిని తన వాద్యబృందానికి తగ్గట్టు మలిచాడు. తీగవాద్యాలకు తోడుగా ఓబో అనే ఊదే వాద్యాలు చేర్చాడు. 1755లో పిసెండెల్ పోయాక ఆ రాతప్రతుల కట్టలు ఒక బీరువాలోకి చేరాయి. పైన చీటీ: రెండో నంబరు బీరువా. పందొమ్మిదో శతాబ్దం దాకా వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. ఇప్పుడవి డ్రెస్డెన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇటలీ కాగితం, జర్మన్ శిష్యుడి చేతిరాత.