మాదాపూర్ పొయ్యిలు

చుట్టాల పిల్లలు ఉద్యోగానికి మాదాపూర్ వస్తారు. హాస్టల్ గదిలో పెట్టె దించిన రెండో రోజే నాకు ఫోన్ వస్తుంది. "పెద్దనాయినా, ఇక్కడ మంచి హోటల్ ఏది?" అంటారు. "ఏ పూటకు బిడ్డా?" అని అడుగుతాను. పొద్దున ఏడింటికి తినాల్సిన చోటు వేరు, అర్ధరాత్రి దాటాక తినాల్సిన చోటు వేరు. ఈ ఊరికి ఎవరు పనికొచ్చినా వాళ్ల వెంట వాళ్ల పొయ్యి వచ్చింది, వాళ్లు పనికి పోయే వేళకూ పని దిగే వేళకూ అది వెలిగింది. యాభై ఏళ్లకు పైగా ఇక్కడే ఉండి నేను చూసింది ఇదే. అందుకే ఎక్కడ తినాలో చెప్పాలంటే ఊరి కథ చెప్పకుండా కుదరదు.

నా చిన్నప్పుడు మాదాపూర్ ఒక పల్లె. 1978లో మమ్మల్ని హైదరాబాద్ జిల్లా నుంచి విడదీసి కొత్తగా ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో కలిపారు. ఎటు చూసినా బండలే. ఆ నల్లరాయి వయసు 250 కోట్ల ఏళ్లని చాలా తర్వాత ఎవరో చెబితే తెలిసింది. అప్పట్లో మాకు ఆ బండల విలువ వాటి సందుల్లో కాసే సీతాఫలాలే. దసరా ముందు గంపలు పట్టుకొని పోయేవాళ్లం, కన్ను విచ్చిన కాయలు కోసి గడ్డిలో మాగబెట్టేవాళ్లం. బండల నడుమ దుర్గం చెరువు ఉండేది. గోల్కొండ కోటకు ఒకప్పుడు నీళ్లు పోయింది ఇక్కడి నుంచే. కొండల మధ్య దాగి ఉంటుంది కాబట్టి రహస్య చెరువనేవాళ్లు. వానాకాలం అయ్యాక మా మామ ఆ చెరువు నుంచి కొర్రమీను తెస్తే చింతపులుసుతో కూర వండేది మా అవ్వ. ఇప్పుడు ఆ చెరువు మీద 2020 సెప్టెంబర్ నుంచి తీగల వంతెన ఉంది, రాత్రిపూట రంగుల దీపాలున్నాయి. చేప మాత్రం మా ఇంట్లో అక్కడిది తినం. ఊళ్ల మురుగంతా కలిశాక ఆ నీళ్ల మీద నమ్మకం పోయింది.

అప్పట్లో ఇంటి బయట తినడమంటే రెండే చోట్లు. ఒకటి చాయ్ దుకాణం. దాన్నే హోటల్ అనేవాళ్లం. పొద్దున చాయ్, బన్ను, సాయంత్రం మిర్చి బజ్జీ, అంతే. రెండోది కల్లు దుకాణం. గౌండ్లాయన మోకు, ముస్తాదు వేసుకొని పొద్దున్నే ఈత చెట్లెక్కేవాడు. మధ్యాహ్నానికి లొట్లు దిగేవి. పక్కనే ఒక అవ్వ గుడాలు, ఉడకబెట్టిన గుడ్లు, ఆదివారమైతే బోటి అమ్మేది. బండలు కొట్టే వడ్డెరవాళ్లు, పొలం పని వాళ్లు అక్కడే కూచుని ఆకుల్లో తినేవాళ్లు. పిల్లలను అక్కడికి పోనిచ్చేవాళ్లు కారు కానీ గుడాల కోసం మేం పోయేవాళ్లం. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ ముక్కలు కలిపిన ఆ గుడాల రుచి నాకు ఇంకెక్కడా దొరకలేదు.

తర్వాతి మార్పు మా కళ్లముందే జరిగింది. 1992లో శిల్పారామం వచ్చింది. ఆ తర్వాత దాని దగ్గరే గుండ్రటి పదంతస్తుల భవనానికి పునాది తవ్వారు. అదే హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్, 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ కూడా హైటెక్ సిటీకి వచ్చి వెళ్లారు. పుస్తకాల్లో ఈ తేదీలే ఉంటాయి. నాకు మాత్రం ఆ భవనం లేస్తున్న రోజుల్లో దాని పక్కన లేచిన గుడిసెలే ఎక్కువ గుర్తున్నాయి. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసేవాళ్లు. తెల్లవారుజామున జొన్న రొట్టెలు తట్టే చప్పుడు మా ఇంటిదాకా వినబడేది. రొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు బట్టలో మూటగట్టుకొని పనికి ఎక్కేవాళ్లు. హైటెక్ సిటీలో మొదటి భోజనం చేసింది వాళ్లే.

వాళ్ల కోసమే టిఫిన్ బండ్లు మొదలయ్యాయి. నాలుగు చక్రాల బండి, పంపు కొట్టే స్టవ్వు, ఇడ్లీ పాత్ర, పల్లీ చట్నీ బకెట్టు. ఆరింటికి వచ్చి పదింటికి సర్దుకునేవి. ఇప్పటికీ అయ్యప్ప సొసైటీ గల్లీల్లో, సిద్ధిఖ్ నగర్ హాస్టళ్ల ముందు పొద్దున నడిస్తే ఆ వరస కనబడుతుంది. తినేవాళ్ల మెడలో ఇప్పుడు ఐడీ కార్డు వేలాడుతోంది, అంతే తేడా. మీకు నా సలహా ఒక్కటే: ఏసీ టిఫిన్ సెంటర్‌లో నెయ్యి కారం దోశ తర్వాత ఎప్పుడైనా తినొచ్చు, ముందు ఒక పొద్దున బండి దగ్గర మైసూర్ బోండా తినండి. ఎనిమిది లోపల పోతే మూకుడు నుంచి తీసిన వేడితో దొరుకుతుంది. పది అయితే చట్నీ పలచబడుతుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్లు వచ్చాక మా ఊరికి కర్రీ పాయింట్ వచ్చింది. నా దృష్టిలో ఈ పేటలో వచ్చిన అన్ని తిండి దుకాణాల్లోకీ అత్యంత తెలివైనది ఇదే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే కొత్త దంపతులు, నలుగురు కలిసి అద్దెకున్న కుర్రాళ్లు. వాళ్ల వంటింట్లో ఒక రైస్ కుక్కర్ తప్ప ఏమీ ఉండదు. అన్నం కుక్కర్ వండి పెడుతుంది, కూరే కష్టం. ఆ కష్టం చూసి ఎవరో ఒక షట్టర్ అద్దెకు తీసుకుని అద్దం వెనక స్టీలు గిన్నెలు పేర్చారు. పప్పు, వేపుడు, పులుసు, సాంబారు, పచ్చడి, పెరుగు. కావలసింది చూపిస్తే కవర్లో పోసి, గాలి నింపి, రబ్బరు బ్యాండ్ బిగించి చేతికిస్తారు. గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లు గోంగూర పప్పు తెచ్చారు, గోదావరి వాళ్లు పనసపొట్టు కూర తెచ్చారు. కొన్నాళ్లకు అదే అద్దం వెనక మా పచ్చి పులుసు కూడా చేరింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో కూడా నేను రోజూ ఏడున్నరకు ఆ వరసలో నిలబడ్డాను. ముందొకాయన విజయవాడ యాస, వెనకొకాయన సిద్దిపేట యాస. మాటామాటా అనుకున్న రోజులున్నాయి. దొండకాయ వేపుడు అయిపోతుందేమోనన్న బెంగ మాత్రం ఇద్దరిదీ ఒకటే. మధ్యాహ్నం పన్నెండున్నరకు, రాత్రి ఏడుకు కూరలు కొత్తగా దిగుతాయి. ఆ వేళకే పోవాలి. గిన్నె మీరే తీసుకుపోతే వేడి కూర ప్లాస్టిక్ కవర్లో పడే పీడ తప్పుతుంది, చాలా చోట్ల సంతోషంగా పోసిస్తారు.

రాత్రి తిండి సంగతికొస్తే దానికి కారణం అమెరికా. న్యూయార్క్‌లో పొద్దున తొమ్మిదైతే మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. అక్కడ ఆఫీసు తెరిచే వేళకు ఇక్కడ కాల్ సెంటర్ల కుర్రాళ్లు పని మొదలుపెడతారు, అర్ధరాత్రి దాటాక వాళ్లకు భోజనం వేళవుతుంది. మా తాత కాలంలో ఆ వేళకు ఊళ్లో కుక్కలు తప్ప ఏమీ తిరిగేవి కావు. ఇప్పుడు మైండ్‌స్పేస్ ఆఫీసుల చుట్టుపక్కల సైకిలు మీద ఇడ్లీ డబ్బా, ఫ్లాస్కులో చాయ్ పెట్టుకొని తిరిగేవాళ్లు ఆ వేళ కనబడతారు. తెల్లవారుజామున నాలుగింటికి బిర్యానీ తినడం ఈమధ్య నగరమంతా ఒక సరదా అయింది. సరదాగా తినేవాళ్లు తినొచ్చు. ఆ తిండి ఇక్కడ అవసరంగా పుట్టింది మాత్రం మా రాత్రి షిఫ్టు పిల్లల ఆకలి నుంచే.

మందీ గురించి అడుగుతారు పిల్లలు. పెద్ద పళ్లెంలో మసాలా తక్కువ అన్నం, దాని మీద మాంసం, నలుగురు కింద కూచుని ఒకే పళ్లెంలో తినడం. ఇది కొత్త ఫ్యాషన్ అనుకుంటారు కానీ హైదరాబాద్‌కు దీనితో బంధం పాతది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్‌లో స్థిరపడ్డారు. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. మందీ అక్కడి నుంచే కొండాపూర్, మాదాపూర్ దాకా పాకింది. అసలు రుచి తెలియాలంటే ఒకసారి బార్కస్ పోయి తిని, తర్వాత ఇక్కడ తినండి. మిగతావాళ్ల వంటలూ ఇలాగే వచ్చాయి. రాయలసీమ వాళ్ల వెంట రాగి సంగటి, నాటుకోడి పులుసు వచ్చాయి. కృష్ణా, గుంటూరు వాళ్ల ఉలవచారు ఇక్కడ బిర్యానీలో కలిసింది. ఉత్తరాది పిల్లల కోసం మోమోలు, ఛోలే భటూరే వచ్చాయి.

కాఫీ కేఫ్‌ల గురించి నేను ఎక్కువ చెప్పను. కావూరి హిల్స్ వైపు చాలా ఉన్నాయి, లాప్‌టాప్ పెట్టుకొని రెండు గంటలు కూచోవాలంటే బాగుంటాయి. మాట్లాడుకోవాలంటే ఇరానీ చాయ్ దుకాణమే మేలు. డికాషన్ ఒక పాత్రలో మూతకట్టి సన్న సెగ మీద ఉంటుంది, పాలు వేరే పాత్రలో చిక్కగా కాగుతాయి, కప్పులో పోసేటప్పుడే రెండూ కలుస్తాయి. ఉస్మానియా బిస్కెట్ అందులో ముంచి తింటే తీపి, ఉప్పు కలిసి తగులుతాయి.

తాగుడు సంగతి దాచను. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీల నిబంధనలు తెచ్చాక ఈ చుట్టుపక్కల అక్కడికక్కడే బీరు కాచి పోసే పబ్బులు వచ్చాయి. మా అబ్బాయి ఒకసారి తీసుకుపోయాడు. సీసాకెక్కకుండా తాజాగా పోస్తారు, అందుకే రుచి అని వివరించాడు. కల్లు కూడా అంతే కదరా, పొద్దున దించింది సాయంత్రానికి పులిసిపోతుంది అన్నాను. ఆ మాట నేను బాధతోనే అన్నాను. జంట నగరాల్లో కల్లు దుకాణాలను 2004లో మూసేశారు, 2014లో మళ్లీ తెరిచారు. ఆ పదేళ్లలో మా చుట్టూ ఈత చెట్లే లేకుండా పోయాయి. చెట్టు లేనిచోట అమ్మే కల్లులో ఏం కలుస్తుందో 2025 జులైలో కూకట్‌పల్లి వైపు చూశాం, కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. అందుకే పిల్లలకు గట్టిగా చెబుతాను: నగరంలో కల్లు జోలికి పోవద్దు. తాగాలనుంటే ఊరికి పోయినప్పుడు, చెట్టు నుంచి మీ కళ్లముందు దించింది తాగండి.

2020 మార్చిలో లాక్‌డౌన్ పడ్డాక ఈ పొయ్యిలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఆఫీసులు ఇళ్లకు పోయాయి, హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. మా గల్లీలో మూడు కర్రీ పాయింట్లలో రెండు మళ్లీ తెరుచుకోలేదు. అందరికన్నా ముందు తిరిగొచ్చింది జొన్న రొట్టెల పొయ్యి.

ఆ పొయ్యి గురించి చెప్పి ఈ వ్యాసం ముగిస్తాను. సాయంత్రం ఆరు దాటాక అయ్యప్ప సొసైటీ నుంచి కొండాపూర్ దాకా రోడ్డు పక్కన చిన్న పీట మీద కూచుని ఆడవాళ్లు రొట్టెలు కాలుస్తుంటారు. వేడినీళ్లతో పిండి కలిపి, రెండు చేతుల మధ్య తట్టి, పెనం మీద వేసి, పైన తడిచేత్తో రాసి, ఒక్కొక్కటే పొంగించి తీస్తారు. కార్లు ఆపి పదేసి రొట్టెలు కట్టించుకుపోయేవాళ్లలో ఎక్కువమంది షుగరున్నవాళ్లే. నేను ఎప్పుడూ కొనే అవ్వ వనపర్తి దగ్గర నుంచి వచ్చింది. ఇక్కడ భవనాలు కట్టే పనికి భర్తతో వచ్చానని, మోకాళ్లు అరిగాక పొయ్యి పెట్టుకున్నానని చెప్పింది. "గీ బిల్డింగులన్నీ మేం మోసినయే సారూ" అంటుంది. మా చిన్నప్పుడు జొన్న గట్క, రొట్టె అంటే లేనివాళ్ల తిండి అని చూసేవాళ్లు. ఇవాళ తెలంగాణ వంటల బోర్డు పెట్టిన పెద్ద హోటళ్లలో అదే రొట్టె పళ్లెంలో పెట్టి తెస్తున్నారు. మంచిదే. కానీ ఆ రొట్టెను ఈ ఊరికి మోసుకొచ్చినవాళ్లకు కూచోవడానికి ఫుట్‌పాత్ మీద రెండడుగుల చోటు దక్కడం లేదు. ట్రాఫిక్ అని ఒకరోజు లేపుతారు, మరో రోజు పీట, పెనం బండిలో వేసుకుపోతారు. 2024 మొదట్లో ఐటీసీ కోహినూర్ దగ్గర ఒక భోజనాల బండిని తీసేస్తే ముఖ్యమంత్రే కల్పించుకొని ఉండనివ్వమన్నారు. వీడియోల్లో పేరు పడ్డ బండి కాబట్టి ఆ మాత్రం జరిగింది. పేరు లేని పొయ్యిలకు 2014 నాటి వీధి వ్యాపారుల చట్టమే దిక్కు. అమ్ముకునే చోట్లు గుర్తించి, కార్డులిచ్చి, వాళ్లను కాపాడాలని ఆ చట్టం చెబుతోంది. మాదాపూర్‌లో దాన్ని అక్షరాలా అమలు చేయమని నగరపాలక అధికారులను ఈ ఊరివాడిగా అడుగుతున్నాను.

మీరు ఇటు వస్తే సాయంత్రం ఏడింటికి రండి. రొట్టె 20 రూపాయల చుట్టూ ఉంటుంది. ఒకటి అక్కడే నిలబడి, పెనం మీద నుంచి దిగీదిగగానే తినండి. ఇంటికి కట్టించుకునేవి తర్వాత.