డైరెక్టరు ధర్మం: వాటాదారు నుంచి సమాజం దాకా

చట్టం దృష్టిలో కంపెనీ ఒక వ్యక్తి. ఆస్తి కొనగలదు, దావా వేయగలదు, అప్పు చేయగలదు. కాని దానికి శరీరం లేదు. దాన్ని జైలుకు పంపడం సాధ్యం కాదు. దాని పేరిట ఆలోచించి నిర్ణయాలు తీసుకొనేవారు డైరెక్టర్లు. కనుక కంపెనీ వల్ల కీడు కలిగినప్పుడు బాధ్యులెవరన్న ప్రశ్న చివరకు వారి వద్దకే చేరుతుంది. ఈ ప్రశ్నకు మనదేశం వేర్వేరు కాలాల్లో చెప్పుకొన్న సమాధానాలను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. విధుల జాబితా పెరిగినప్పటికంటే, బాధ్యుడెవరో చట్టం తేల్చి చెప్పినప్పుడే ఆ విధులకు బలం చేకూరింది.

ఒకే మాట, రెండు అర్థాలు

మనదేశంలో కంపెనీల నమోదుకు తొలి చట్టం 1850లో వచ్చింది. వాటాదారుల బాధ్యతను వారి వాటాల మేరకే పరిమితం చేసే సూత్రం 1857లో ప్రవేశించింది. ఆ తరువాతి చట్టాలు, ముఖ్యంగా 1913 నాటి భారత కంపెనీల చట్టం, ఇంగ్లాండు న్యాయస్థానాల ఆలోచనా సరళినే అనుసరించాయి. ఆ సరళిలో డైరెక్టరు దాదాపు ధర్మకర్త వంటివాడు. అయితే అతడు కాపాడవలసినది కంపెనీ సొమ్ము, అంటే పరోక్షంగా వాటాదారుల సొమ్ము. పనివారికి ఉదారంగా ఏదైనా ఇవ్వదలచినా, అది కంపెనీ ప్రయోజనానికి తోడ్పడినంత వరకే చెల్లుతుందని 1883లో ఒక రైల్వే కంపెనీ వివాదంలో ఇంగ్లాండు అప్పీలు న్యాయస్థానం తేల్చి చెప్పింది.

గాంధీజీ ఇదే మాటను మరో అర్థంలో వాడారు. ఆయన ధర్మకర్తృత్వ సిద్ధాంతం ప్రకారం సంపన్నుని చేతిలోని సంపద సమాజానిది. అతడు దానికి కాపలాదారు మాత్రమే. న్యాయస్థానపు ధర్మకర్త వాటాదారుకు లెక్క చెప్పాలి. గాంధీజీ ధర్మకర్త సమాజానికి లెక్క చెప్పాలి. మొదటిదానికి చట్టం అండ ఉంది. రెండవదానికి అంతరాత్మే ఆధారం.

ఆచరణలో మొదటి అర్థం కూడా చాలాకాలం నీరుగారింది. మేనేజింగ్ ఏజెన్సీ విధానంలో కంపెనీ పగ్గాలు ఏజెంట్ల చేతిలో ఉండేవి. డైరెక్టర్ల బోర్డు తరచు సంతకాలకే పరిమితమయ్యేది. 1956 నాటి కంపెనీల చట్టం ఈ విధానాన్ని కట్టడి చేసింది. 1970లో అది పూర్తిగా రద్దయింది. అధికారం బోర్డుకు చేరింది గాని, బోర్డు ఎవరి మేలు చూడాలన్న ప్రశ్న మిగిలే ఉంది.

కార్మికుని గొంతు

జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం, కంపెనీలు తమ సామాజిక బాధ్యతలను ఎలా నిర్వర్తించాయో నివేదించాలని 1978లో సూచించింది. అయితే తొలి గట్టి మలుపు న్యాయస్థానంలో వచ్చింది. ఒక కంపెనీ మూసివేత వ్యవహారంలో కార్మికుల వాదన వినవలసిన అవసరముందా అన్న ప్రశ్నపై 1982 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. కార్మికులకు ఆ హక్కు ఉందని అయిదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. వారిలో జస్టిస్ పి.ఎన్. భగవతితోపాటు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి వచ్చిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఉండటం తెలుగువారికి గమనార్హం. కంపెనీ పెట్టుబడిదారుల సొంత ఆస్తి మాత్రమే కాదని, సామాజిక, ఆర్థిక సంస్థ అని ఆ తీర్పు గుర్తించింది.

భోపాల్ నేర్పిన పాఠం

1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ కర్మాగారం నుంచి వెలువడిన మిథైల్ ఐసోసయనేటు వేలాదిమందిని బలిగొన్నది. మాతృసంస్థ అమెరికాలో ఉంది. కర్మాగారం నడిపిన కంపెనీ మనదేశంలో నమోదైంది. బాధ్యత ఈ రెండింటి మధ్య చిక్కుకుంది. 1989లో 47 కోట్ల డాలర్ల పరిహారంతో సివిలు వివాదానికి పరిష్కారం కుదిరింది. క్రిమినలు కేసులో 2010 జూన్ 7న ఏడుగురికి నిర్లక్ష్యం నేరం కింద రెండేళ్ళ శిక్ష పడింది. వారికి అదే రోజు బెయిలు లభించింది. దుర్ఘటనకూ ఆ తీర్పుకూ మధ్య పాతికేళ్ళకు పైగా గడిచాయి.

భోపాల్ జరిగిన ఏడాదికి, 1985 డిసెంబరు 4న, ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారు తాము జాగ్రత్త వహించామని చెప్పి తప్పించుకోజాలరన్న సంపూర్ణ బాధ్యతా సూత్రాన్ని సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో ప్రకటించింది. అంతకుముందు ఫిబ్రవరిలోనే, కర్మాగారంలో కొంత భాగం తిరిగి తెరవడానికి విధించిన షరతుల్లో ఒకటి మరింత ఆలోచింపజేస్తుంది. వాయువు మళ్ళీ వెలువడి ప్రాణహాని జరిగితే పరిహారానికి తాము స్వయంగా బాధ్యులమని కంపెనీ అధ్యక్షుడు, మేనేజింగ్ డైరెక్టరు హామీపత్రం ఇవ్వాలని కోర్టు ఆదేశించింది.

1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ ఈ దారినే అనుసరించింది. కర్మాగారంపై అంతిమ అజమాయిషీ గల ‘ఆక్యుపయర్’ కంపెనీ విషయంలో డైరెక్టర్లలో ఒకరై ఉండాలని నిర్దేశించింది. జీతగాడైన మేనేజరును ఆ స్థానంలో చూపి, బోర్డు చేతులు దులుపుకొనే వీలు లేకుండా పోయింది. దీన్ని కంపెనీలు సవాలు చేయగా, 1996లో సుప్రీంకోర్టు సవరణను సమర్థించింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ కూడా, స్వతంత్ర డైరెక్టర్లను మినహాయించి, ఈ సూత్రాన్ని నిలుపుకొంది.

విశాలమైన విధి, బలహీనమైన పట్టు

2013 నాటి కంపెనీల చట్టం 166వ సెక్షను డైరెక్టరు విధులను తొలిసారి శాసనరూపంలో క్రోడీకరించింది. కంపెనీ, ఉద్యోగులు, వాటాదారులు, సమాజం, పర్యావరణ పరిరక్షణ: ఇన్నింటి మేలు కోరి సద్భావంతో వ్యవహరించాలని చెప్పింది. 135వ సెక్షను నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలన్నది. 2022–23 నుంచి స్టాక్ మార్కెట్లలో నమోదైన అగ్రశ్రేణి 1000 కంపెనీలు పర్యావరణ, సామాజిక అంశాలపై వార్షిక నివేదిక ఇవ్వాలని సెబీ నిర్దేశించింది.

గాంధీజీ భావన ఇలా చట్టం పుటల్లోకి వచ్చిందనవచ్చు. కాని ఆ విధిని ఉల్లంఘించిన డైరెక్టరుకు 166వ సెక్షను విధించే జరిమానా లక్ష నుంచి అయిదు లక్షల రూపాయలు. 245వ సెక్షను కింద సామూహికంగా ట్రిబ్యునలును ఆశ్రయించే హక్కు వాటాదారులకు, డిపాజిటుదారులకు ఉంది. కర్మాగారం పొరుగున నివసించే పౌరునికి లేదు. ఎవరి మేలు కోరాలని చట్టం చెప్పిందో, వారి చేతికి ఆ చట్టం అందలేదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీను ఆవిరి వ్యాపించి 12 మంది మరణించినప్పుడు, మరునాడే 50 కోట్ల రూపాయలు జమ చేయాలని కంపెనీని ఆదేశించింది జాతీయ హరిత ట్రిబ్యునలు. డైరెక్టరు విధిని క్రోడీకరించిన కంపెనీల చట్టం కింద ఏర్పడిన సంస్థ కాదది. మరోవైపు, 2023 నాటి జన విశ్వాస్ చట్టం పర్యావరణ పరిరక్షణ చట్టంలోని కారాగార శిక్షకు బదులు ప్రధానంగా ద్రవ్య దండనను ప్రవేశపెట్టింది. వ్యాపార సౌలభ్యం కోరదగినదే. అయితే దండన కంపెనీ ఖాతా నుంచి చెల్లిపోయే ఖర్చుగా మారితే, డైరెక్టరుకు దాని వేడి సోకదు.

ఒకప్పుడు వాటాదారుకు లెక్క చెప్పవలసిన ధర్మకర్త, నేడు సమాజానికీ లెక్క చెప్పాలని చట్టం అంగీకరించింది. ఇది చిన్న విజయం కాదు. ఇక మిగిలినది, ఆ లెక్క అడిగే హక్కును పొగగొట్టం నీడన బతికేవారికి ఇవ్వడమే.