గడప దగ్గర ఆగిన కుక్క

బెంగళూరులో చదువుకునే మా పాప సెలవులకు కడప వచ్చింది. "అమ్మా, అక్కడ కొన్ని కెఫేల్లో కుక్కల్ని లోపలికి రానిస్తారు. మన హోటళ్లలో తరిమేస్తారెందుకు?" అని అడిగింది.

నాకు మా జేజి గుర్తొచ్చింది. రోజూ వీధి కుక్కకు సంగటి ముద్ద పెట్టేది, గడప మాత్రం దాటనిచ్చేది కాదు. "పిల్లోల్ని కరిస్తే ఎవురు దిక్కు మే?" అనేది.

అది అసహ్యం కాదు, భయం. పిచ్చికుక్క జబ్బు బయటపడ్డాక ఈనాటికీ మందు లేదు. కాటు పడ్డ బాలుడికి పాశ్చర్ టీకా వేసింది 1885లో. మన కడప, కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1907లో, ఎక్కడో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ సంస్థ పెట్టారు. తర్వాత ఊళ్లలోకి వచ్చిన, బొడ్డు చుట్టూ పొడిచే 14 సూదులంటే మా తరానికీ వణుకే. గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందును మన దేశం మానేసి ఇరవై ఏళ్లే అయింది. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులతో సరి.

తిక్కన భారతంలో ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికైనా రానన్నాడు. దాని భారం తనదే అనుకున్నాడు. నేను పాపకు చెప్పిందీ అదే. టీకా వేయించి, గొలుసు పట్టుకుని, దాని పూచీ తీసుకునేవాళ్లుంటే హోటలు వరండాలో చోటివ్వొచ్చు. పక్కన చంటిబిడ్డ తల్లి భయపడితే మాత్రం ఆమె మాటే ముందు.

మీ ఇంట్లో కుక్క ఉంటే, టీకా ఎప్పుడు వేయించారో ఈరోజే చూసుకోండి.