తలతామరకు ఎక్స్‌రే వైద్యం

తలతామర ప్రాణం తీసే జబ్బు కాదు. వెంట్రుకల కుదుళ్ళను శిలీంధ్రం పట్టడం వల్ల వస్తుంది, ఎక్కువగా పిల్లల్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. పైపూతలు కుదురు దాకా దిగవు. అందుకే జుట్టంతా ఊడితే తప్ప ఇది వదలదని పాతకాలపు వైద్యులు నమ్మేవారు.

రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్న మరుసటి ఏడాది, 1896లో, వియన్నా వైద్యుడు లియోపోల్డ్ ఫ్రాయిండ్ ఒక బాలిక వీపు మీది వెంట్రుకలను వాటితో రాలగొట్టాడు. పారిస్‌లో రేమండ్ సబురో ఆ కిటుకును తలతామరకు తెచ్చాడు. కిరణాలు తగిలితే రంగు మారే బిళ్లను దగ్గర పెట్టి, ఆ రంగును బట్టి మోతాదు తేల్చేవారు. 1909లో లండన్ వైద్యుడు ఆడమ్సన్ తల మీద ఐదు చోట్ల కిరణాలు పెట్టే సులువైన పద్ధతిని ప్రకటించాడు. రెండు మూడు వారాలకు జుట్టు రాలేది, కొన్ని నెలలకు మళ్ళీ వచ్చేది. తిరిగి మొలవకపోతే మోతాదు ఎక్కువైందని అర్థం. వెంట్రుకే కొలబద్ద అయిన ఆ లెక్కలో, పుర్రె కింది మెదడుకు చోటే లేదు.

ఇజ్రాయెల్‌లో 1948 నుంచి 1960 దాకా ఈ వైద్యం పెద్ద ఎత్తున సాగింది. చేయించుకున్నవారిలో అత్యధికులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా దేశాల నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. శిలీంధ్రాన్ని అణచే గ్రిసియోఫుల్విన్ మాత్రలు వచ్చాకే యంత్రాలు ఆగాయి. పరిశోధకులు బరూక్ మోదాన్, ఎలేన్ రాన్ తదితరులు ఆ పిల్లల్లో 10,834 మందిని దశాబ్దాల పాటు గమనించారు. వారి మెదడుకు అందింది సగటున 1.5 గ్రే (కిరణాల మోతాదును కొలిచే ప్రమాణం). మెదడు కణితుల చికిత్సలో వాడే 50, 60 గ్రేల ముందు ఇది స్వల్పమే. అయినా మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా గడ్డలు మామూలు కంటే తొమ్మిదిన్నర రెట్లు, మెదడులోనే పుట్టే గ్లయోమా గడ్డలు రెండున్నర రెట్లకు పైగా కనిపించాయని 1988లో తేలింది. అంతకుముందే, 1982లో, మరో సంగతి బయటపడింది: పరీక్షల మార్కుల్లోనూ తెలివితేటల కొలతల్లోనూ వీరు తోటివారి కంటే కాస్త వెనకబడ్డారు. గడ్డ స్కానింగ్‌లో కనబడుతుంది. చదువులో తగ్గుదల ఏ ఒక్క పిల్లవాడిలోనూ విడిగా కనబడదు, వేలమందిని పోలిస్తేనే బయటపడుతుంది.

స్వీడన్ అనుభవం ఇంకా తక్కువ మోతాదుల గురించి చెప్పింది. అక్కడ 1930-59 మధ్య పసిబిడ్డల చర్మం మీది రక్తనాళాల గడ్డలకు రేడియం వంటివి పెట్టేవారు. పద్దెనిమిది నెలల లోపే ఆ వైద్యం పొందిన 3,094 మంది మగవారి వివరాలను 2004లో ప్రచురించారు. మెదడు ముందుభాగానికి కిరణాలు సోకనివారిలో 32 శాతం హైస్కూలు దాకా వెళ్ళారు, 0.25 గ్రే దాటినవారిలో 17 శాతమే వెళ్ళారు.

తలతామర వైద్యంతో నష్టపోయినవారికి పరిహారం ఇచ్చే చట్టాన్ని ఇజ్రాయెల్ 1994లో చేసింది. చివరి యంత్రం ఆగి అప్పటికి 34 ఏళ్ళు.