సభల్లో పుట్టిన కవిత్వం: ఊడ్గెరూ నూనుకల్ జీవితం

1964లో బ్రిస్బేన్ నగరంలోని జకరాండా ప్రెస్ ‘వియ్ ఆర్ గోయింగ్’ అనే సంపుటిని వెలువరించింది. ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరు రాసిన కవితలు పుస్తకంగా అచ్చు కావడం అదే మొదటిసారి. ముఖపత్రం మీద కాత్ వాకర్ అన్న పేరుతో కనిపించి, తరువాతి కాలంలో ఊడ్గెరూ నూనుకల్‌గా ప్రసిద్ధి పొందిన ఆ కవయిత్రి అప్పటికే హక్కుల ఉద్యమంలో ముఖ్య కార్యకర్త కావడంతో, ఆమె రాసినది కవిత్వం కాదు, ప్రచారమని కొందరు విమర్శకులు తీసిపారేశారు. వారు లోపంగా ఎంచిన సూటిదనం, ప్రాస, పైకి చదివితే చివరి వరుసలో కూర్చున్నవారికి సైతం అర్థమయ్యే నడక, ఇవన్నీ ఆ కవితలు పుట్టిన సభల అవసరాల నుంచి, ఆ సభలకు కారణమైన చట్టాల నుంచి వచ్చిన లక్షణాలు.

క్వీన్స్‌లాండ్ తీరానికి దగ్గరగా, మోర్టన్ అఖాతంలో ఉన్న నార్త్ స్ట్రాడ్‌బ్రోక్ దీవిని అక్కడి నూనుకల్ తెగవారు మింజెరిబా అంటారు. 1920 నవంబరు 3న ఈ కవయిత్రి కాథ్లీన్ రస్కా అనే పేరుతో ఆ తెగలోనే జన్మించింది. ఆదివాసులు ఎక్కడ నివసించాలో, ఎవరి దగ్గర పనిచేయాలో, ఎవరిని పెళ్లాడాలో శాసించే అధికారాన్ని ‘ప్రొటెక్టర్లు’, అంటే సంరక్షకులు, అనే అధికారుల చేతిలో పెట్టిన 1897 నాటి చట్టం అప్పటికి ఆ రాష్ట్రంలో అమలులో ఉంది. దీవిలో ప్రభుత్వ కూలీగా పనిచేసిన తండ్రి ఆదివాసి కార్మికుల మెరుగైన బతుకు కోసం పోరాడిన మనిషి. ఎడమచేతి వాటం గల కూతురు బడిలో ఆ చేత్తో రాసినందుకు దెబ్బలు తిని, పదమూడేళ్ల వయసులో చదువు మాని, బ్రిస్బేన్‌లో తెల్లవారి ఇళ్లలో పనిమనిషిగా చేరింది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇద్దరు అన్నదమ్ములు సింగపూర్‌లో జపాన్ సైన్యానికి బందీలుగా చిక్కిన తరువాత, 1942లో ఆమె మహిళా సైనిక విభాగంలో చేరి సందేశాల విభాగంలో కార్పొరల్ స్థాయికి ఎదిగింది. యుద్ధానంతరం, తెల్లజాతివారికే వలస అవకాశమిచ్చే ‘శ్వేత ఆస్ట్రేలియా’ విధానాన్ని వ్యతిరేకించిన కమ్యూనిస్టు పార్టీలో కొంతకాలం పనిచేసింది. బ్రిస్బేన్ వాస్తవికవాద రచయితల బృందంలో ఆమె రచనకు పదును వచ్చింది. ‘వియ్ ఆర్ గోయింగ్’ చేతిప్రతిని చదివిన ప్రసిద్ధ కవయిత్రి జూడిత్ రైట్ దాని ప్రచురణకు సిఫారసు చేసింది.

1962లో అడిలైడ్‌లో జరిగిన హక్కుల సంఘాల సమాఖ్య మహాసభకు ఆమె సమర్పించిన ‘అబోరిజినల్ చార్టర్ ఆఫ్ రైట్స్’ సభ కోసం కవిత రాసే ఆమె పద్ధతికి స్పష్టమైన ఉదాహరణ. తమకు కావలసినదాన్నీ తాము నిరాకరిస్తున్నదాన్నీ చిన్న పాదాల్లో ఎదురెదురుగా నిలుపుతూ, అంత్యప్రాసలతో సాగే ఆ కవిత ఏకకాలంలో పద్యమూ, కోర్కెల పత్రమూ. మరుసటి ఏడు ప్రతినిధి బృందంతో వెళ్లినప్పుడు ప్రధానమంత్రి రాబర్ట్ మెంజీస్ మర్యాద కోసం మద్యం అందించబోగా, క్వీన్స్‌లాండ్‌లో ఆదివాసికి మద్యం ఇస్తే ఆయనను జైల్లో పెడతారని ఆమె గుర్తుచేసింది. ఒక రాష్ట్రంలో ఆదివాసులపై అమలవుతున్న చట్టం ఎలా ఉంటుందో దేశ ప్రధానమంత్రికే తెలియదన్న సంగతి అక్కడ బయటపడింది.

1967 మే 27న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ కోసం ఆమె దేశమంతా తిరిగి ప్రచారం చేసింది. ఆదివాసులకు ఓటు దక్కింది ఈ సేకరణ వల్లేనన్న అభిప్రాయం ఇప్పటికీ వినిపిస్తుంది గానీ, జాతీయ ఎన్నికల్లో ఆ హక్కు 1962లోనే, క్వీన్స్‌లాండ్ రాష్ట్ర ఎన్నికల్లో 1965లో లభించింది. 90.77 శాతం ఓటర్ల ఆమోదంతో 1967లో మారినవి రాజ్యాంగంలోని రెండు అంశాలు: జనాభా లెక్కల నుంచి ఆదివాసులను మినహాయించిన 127వ సెక్షన్ రద్దయింది, వారి విషయంలో ప్రత్యేక చట్టాలు చేసే అధికారం కేంద్ర పార్లమెంటుకు దక్కింది. భూమి మీద హక్కు ఈ రెంటిలోనూ లేదు.

ఆ వెలితే ఆమె ఉత్తరార్ధ జీవితానికి దిశ చూపింది. 1970ల ఆరంభంలో దీవికి తిరిగివచ్చి, లీజుకు దొరికిన నేల మీద మూన్‌గల్బా అనే విద్యాకేంద్రం నెలకొల్పి, వేలాది బడిపిల్లలకు తెగ కథలనూ అడవి ఆహారాన్నీ పరిచయం చేసింది. బ్రిటిష్‌వారి రాకకు రెండు వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1988లో తలపెట్టిన ఉత్సవాలకు నిరసనగా, 1970లో తాను అందుకున్న బ్రిటిష్ బిరుదును 1987లో తిప్పి పంపి, పేపర్‌బార్క్ చెట్టు పేరైన ఊడ్గెరూను తన పేరుగా స్వీకరించింది. 1993 సెప్టెంబరు 16న మరణించిన ఆమెను మూన్‌గల్బాలోనే ఖననం చేశారు. ఆ దీవి భూములపై నూనుకల్‌లతో కూడిన క్వాండమూకా ప్రజల సంప్రదాయ హక్కును ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు 2011 జులై 4న గుర్తించింది. ప్రచారమని విమర్శకులు కొట్టిపారేసిన కోర్కెల్లో కనీసం ఒకటి ఈ విధంగా న్యాయస్థానం తీర్పుగా మారింది.