నాటి సెలవులు, నాటి ప్రయాణములు

‘సెలవు’ అను మాటకు మన భాషలో రెండర్థములు ప్రసిద్ధములు. ఒకటి అనుజ్ఞ, రెండవది వ్యయము. మన పూర్వులు మొదటి యర్థమును తలచి ఇల్లు వెడలెడివారు. నేటివారు రెండవ యర్థమును లెక్కించుకొని వెడలుచున్నారు. ఈ మార్పు ఎట్లు కలిగినదో, దానివలన మనకు లభించిన దేమో, పోయిన దేమో, నే నెరిగిన కోనసీమను ఆధారముగా గైకొని ఈ పూట ముచ్చటించెదను.

మా తాతగారు చదివిన వీధిబడిలో ఆదివారము సెలవు లేదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య, ఇవి అనధ్యయన దినములు. దసరా దినములలో పిల్లలు విల్లంబులు చేతబట్టి, అయ్యవారి వెంట ఇంటింటికి పోయి పద్యములు చదివి, అయ్యవారికి కట్నమును, తమకు పప్పుబెల్లములును సంపాదించెడివారు. అది సెలవే గాని, ఊరు విడుచుట కాదు. ఊరు విడుచుటకు కారణములు మూడే: తీర్థము, బంధువుల యింటి శుభాశుభములు, వ్యవహారము. వేసవి సెలవులనగా ప్రయాణమను భావము ఇంగ్లీషు చదువుల బడులతోడను, రైలుతోడను వచ్చినది.

తీర్థయాత్ర యెంతటి కార్యమో తెలియుటకు ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’ చాలును. ఆయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీ. 1830 మే 18వ తేదీన బయలుదేరి, ఇంచుమించు నూరుగురు పరివారముతో, పల్లకీ బోయీలతో, గుడారములతో తిరుపతి, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశికి పోయి, గయ, కలకత్తా, జగన్నాథములు సేవించి, 1831 సెప్టెంబరు 3న మరల చెన్నపట్టణము చేరినాడు. పదునైదు నెలలకు పైబడిన యాత్ర! కాశికి పోయినవాడును, కాటికి పోయినవాడును ఒకటే యను సామెత ఆ కాలమునందు హాస్యము కాదు. ఇప్పుడు చెన్నపట్టణమున రైలెక్కినవాడు రెండు రాత్రులలో కాశి చేరుచున్నాడు.

మా సీమలో మొదటి మార్పు తెచ్చినది రైలు కాదు, కాలువ. ధవళేశ్వరము ఆనకట్టను ఆర్థరు కాటను దొరగారు 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిరి. దాని కాలువలు పొలములకు నీరిచ్చుటకే కాక, పడవలు నడచుటకును తగినట్లు లాకులతో కట్టబడినవి. అప్పటినుండి మా ప్రయాణముల పంచాంగము నీటిని బట్టి నడచినది. దసరాకు, సంక్రాంతికి కాలువనిండ నీరు, పడవ ప్రయాణము. వానకాలమున బండి కదలదు. చక్రము ఇరుసువరకు దిగబడును. నడివేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుదురు. అప్పుడు ఎండిన చేలకు అడ్డముగా గూడుబండి ప్రయాణము. కనుకనే మా పిల్లతనమున పండుగకు ఒక త్రోవ, వేసవికి ఒక త్రోవ యుండెడిది.

మా మాతామహుల గ్రామము బొబ్బర్లంకకు దాపున నున్నది. 1965 ప్రాంతమున, నాకు ఊహ తెలిసిన దినములలో, సంక్రాంతికి పడవమీదనే పోయెడివారము. ఎదురునీటి కెక్కునప్పుడు ఇద్దరు గట్టుమీద తాడు భుజమున వేసికొని లాగెడివారు. గాలి అనుకూలించినచో తెరచాప ఎత్తెడివారు. సాయంకాలము ఎక్కినచో మరునాటి మధ్యాహ్నమునకు దిగుట. మా నాయనమ్మ మరచెంబుతో నీరు, మడిబట్టల మూట, పులిహోర, జంతికలు సర్దుకొని కూర్చుండెడిది. లాకువద్ద పడవ ఆగి, నీరు మట్టమునకు వచ్చువరకు వేచియుండవలెను. ఆ వేళలోనే ఏ ఊరి పిల్లకు ఏ ఊరి వరుడు తగునో, ఎవరి పొలము అమ్మకమునకు వచ్చెనో తేలిపోయెడిది. ప్రయాణమే ఒక సభ.

దారిలో ఆకలి గొన్నవారికి దిక్కు గృహస్థులే. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చినవారికిని అన్నము పెట్టి, 1909లో కీర్తిశేషురాలైనది. కాలము మారినను ఆ తల్లి పేరు మా సీమలో మాయలేదు.

రైలు కథ వేరు. రాజమహేంద్రవరమున గోదావరిపై హేవలాకు వంతెన 1900లో తెరువబడినది. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో రైలు వచ్చినది. ఆవలిగట్టున నున్న మావారు రేవు దాటి దాని నెక్కెడివారు. 1940లో యుద్ధ నిమిత్తమై ఆ పట్టాలను ఊడదీసిరి. పండ్రెండేండ్లు రైలెక్కినవారు మరల రేవులకును, బండ్లకును మరలిరి. ఆ మార్గము తిరిగి 2004లో గాని తెరువబడలేదు. మార్పు ఎల్లప్పుడు ముందునకే నడచునని తలచుట పొరపాటని ఇందువలన తెలియుచున్నది.

ఇంతవరకు విని, నాటి దినములన్నియు బంగారమని నే ననుచున్నట్లు మీరు తలపవద్దు. 1972లో మా మేనత్తకు నెలలు నిండి, నడిరేయి నొప్పులు కష్టమైనవి. ఆవలిగట్టు ఆసుపత్రికి చేర్పవలెను. గోదావరి పోటుమీద నున్నది. తెల్లవారక పడవ వేయుట పదిమంది ప్రాణములతో చెలగాటమని సరంగు చెప్పినాడు. ఆతని మాటలో దోషము లేదు. తెల్లవారులోపలనే తల్లియు, బిడ్డయు దక్కకపోయిరి. నాడు వంతెన యున్నచో ఆ బిడ్డకు నేడు మనుమలు కలిగియుందురు. పడవపాటలను తలచి మురిసినప్పుడెల్ల నాకు ఆ రేవును జ్ఞప్తికి వచ్చును.

మరియొక సంగతి. సత్రములు ధర్మములే, కాని అనేక సత్రములలో విస్తరి కొన్ని కులములకే. పల్లకిలో కూర్చుండువా డొకడు, మోయువారు ఎందరో. ఆ మోయువారి యాత్రను ఎవరును వ్రాయలేదు. నైజాము రాష్ట్రమున 1932లో 27 బస్సులతో ఆరంభమైన రవాణాశాఖయే పెరిగి, 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థగా రూపొందినది. బస్సులో టిక్కెట్టు కొన్నవాడు కులము చెప్పక కూర్చుండెను. కోడలు మామగారి బండికై కనిపెట్టుకొనక తానే పుట్టినింటికి పోయి రాగలిగెను. ఈ లాభము చిన్నది కాదు.

అయితే వేగమునకును ఒక వెల కలదు. 1967 పుష్కరములకు మేము ఎడ్లబండిపై ముక్తేశ్వరము రేవునకు చేరి, పడవపై కోటిపల్లికి దాటి స్నానమాడితిమి. త్రోవ కఠినము, కనుక జనము కొలదికొలదిగా వచ్చెను. 1974లో రాజమహేంద్రవరమున రైలు-రోడ్డు వంతెన తెరువబడిన పిమ్మట దూరదేశములవారు తరచుగా వచ్చిరి. 2015 జూలై 14న, పుష్కరముల మొదటి దినమున, అందరును ఒకే వేళకు, ఒకే ఘట్టమునకు చేరగా, తొక్కిసలాటలో ఇరువదిమందికి పైగా ప్రాణములు విడిచిరి. పండ్రెండు దినముల పర్వమున మొదటి గడియయే కావలెనను తొందరకు ఏ వంతెనయు మందు కాజాలదు. రానున్న 2027 పుష్కరములకైనను ఈ మాట మన యిండ్లలో చెప్పుకొనదగినది.

కావున పెద్దలారా! వంతెనలను వలదనువాడు అవివేకి. కాని త్రోవలోని ఆగుటయు, పొరుగువానితో మాటయు, వచ్చినవానికి పట్టెడన్నమును, ఇవి పడవతోడనే పోవలసిన పని లేదు. వేసవికి మనుమలు వచ్చినప్పుడు వారి నొకనాడు ఊరి రేవునకు తీసికొనిపొండు. పడవ ఎక్కడ ఆగెడిదో, సత్ర మెవరు కట్టించిరో, బండి నెవరు తోలిరో, పల్లకి నెవరు మోసిరో చెప్పి, వారిచేతనే ఒక పుస్తకమున వ్రాయింపుడు. మనము పోయిన పిమ్మట ఆ పేర్లు చెప్పువారుండరు. మీకును, వ్రాయు ఆ పిల్లలకును శుభమగు గాక! ఇక సెలవు.